నాన్న క్యాసెట్ల కోసం హై రిజల్యూషన్ పరీక్ష: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

అటక మీది అట్టపెట్టె దించాను. లెక్కపెడితే 41 క్యాసెట్లు. అన్నీ నాన్న ఇంట్లో పాడుకుంటూ రికార్డు చేసుకున్నవే. కొన్నిటి మీద ఆయన చేతిరాతలో తేదీలున్నాయి, కొన్నిటి మీద సిరా వెలిసిపోయింది. ఆయన పోయి 11 ఏళ్లయింది. ఆ గొంతు ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. టేపులు పూర్తిగా పాడైపోకముందే వీటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి.

పని మొదలుపెట్టకముందే ఒక ప్రశ్న అడ్డుపడింది. ఏ క్వాలిటీలో ఎక్కించాలి? ఆడియో అంటే ప్రాణం పెట్టే నా స్నేహితుడికి ఫోన్ చేస్తే ఒక్కటే మాట అన్నాడు. "24 బిట్, 192 కిలోహెర్ట్జ్. అంతకు తగ్గించావంటే తర్వాత బాధపడతావురా. సీడీ క్వాలిటీ ఎప్పుడో 1982 నాటి సంగతి. హై రిజల్యూషన్‌లో విన్నాక ఇంకేదీ చెవికి ఆనదు."

వాడి చెవుల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇది నాన్న గొంతు. ఎవరో చెప్పారని నంబర్లు ఎంచుకోవడం నాకు ఇష్టం లేదు. నా చెవులతో తేల్చుకున్నాకే మొదటి క్యాసెట్ పెడతాను.

ముందు లెక్కలు రాసుకున్నాను. సీడీలో సెకనుకు 44,100 సార్లు శబ్దం కొలుస్తారు, ఒక్కో కొలతకు 16 బిట్లు, రెండు చానెళ్లు. మొత్తం సెకనుకు 14,11,200 బిట్లు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో (అంటే సెకనుకు 96,000 కొలతలు) అది 46,08,000 అవుతుంది. స్నేహితుడు చెప్పిన 192కి వెళ్తే 92,16,000. గంట క్యాసెట్‌కి సీడీ క్వాలిటీలో సుమారు 635 మెగాబైట్లు, 24/96లో 2 గిగాబైట్ల పైన, 24/192లో 4 పైన. ఇప్పటి హార్డ్ డిస్కులకు ఇదేమీ బరువు కాదు. కాబట్టి చోటు గురించి దిగులు లేదు. ఆ అదనపు బిట్లలో నాన్న గొంతు ఇంకాస్త ఉంటుందా, ఉండదా అన్నదే తేలాలి.

3వ రోజు

స్నేహితుడు ఎప్పుడూ ఒక బొమ్మ చూపిస్తాడు. నున్నటి అల ఒకటి, దాని పక్కన మెట్లు మెట్లుగా ఉన్న అల ఇంకొకటి. మొదటిది అనలాగ్, రెండోది సీడీ అంటాడు. శాంపిళ్లు, అంటే సెకనుకు తీసే కొలతలు, పెంచితే మెట్లు చిన్నవై శబ్దం నున్నబడుతుందని వాడి వాదన. ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది.

ఇవాళ దాన్ని పరీక్షించాను. కంప్యూటర్లో 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు దగ్గర 10 కిలోహెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు 10,000 సార్లు కంపించేది, ఒకటి తయారుచేశాను. ఒక్కో అలకి నాలుగు శాంపిళ్లు, ఐదోది కాస్త. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో దగ్గరికి లాగి చూస్తే చుక్కలు ఎగుడుదిగుడుగా, ఏ ఆకారమూ లేనట్టు ఉన్నాయి. తర్వాత దాన్ని డ్యాక్, అంటే అంకెల్ని మళ్లీ అలగా మార్చే పరికరం, ద్వారా బయటికి వదిలి, ఆ తీగని స్నేహితుడి దగ్గర్నుంచి తెచ్చుకున్న రికార్డర్‌లోకి 192 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించాను. తెరమీద చూస్తే నున్నటి అల. ఎక్కడా మెట్టు అన్నది లేదు.

ఇంజినీర్ నైక్విస్ట్ 1928లో ఆలోచించినది, గణితవేత్త షానన్ 1949లో నిరూపించినది ఇదే. ఒక శబ్దంలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలిస్తే ఆ అల మొత్తం తిరిగి వస్తుంది, దాదాపుగా అని కాదు, పూర్తిగా. 44.1తో 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చు. ఆరోగ్యమైన చిన్నపిల్లల చెవి వినగలిగేది 20 దాకా. శాంపిల్ రేటు పెంచితే వచ్చేది అంతకన్నా పై ఫ్రీక్వెన్సీలే, ఉన్న అల ఇంకా నున్నబడదు.

అసలు 44,100 అనే వింత అంకె ఎక్కడిదో చూశాను. తొలినాళ్లలో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవాళ్లు. సెకనుకు 60 ఫీల్డులు (ఫీల్డు అంటే సగం ఫ్రేము), ఫీల్డుకు వాడుకోదగ్గ గీతలు 245, గీతకి 3 శాంపిళ్లు. గుణిస్తే 44,100. యూరప్ పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు. అదీ 44,100కే వస్తుంది. ఈ లెక్క కుదిరిన క్షణం భలే సంతోషంగా అనిపించింది.

బిట్ల సంగతి వేరు. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్. 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. అంటే బిట్లు పెరిగితే అడుగున ఉండే రొద తగ్గుతుంది. శబ్దం "వివరంగా" అవ్వడం అంటూ వేరే ఏమీ లేదు.

5వ రోజు

మొదటి వినికిడి. నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన ఒక పాత ఆల్బమ్. సీడీ నా దగ్గరే ఉంది, హై రిజల్యూషన్ వెర్షన్ 24/96లో కొనుక్కున్నాను. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను.

నిజం చెప్పాలి. తేడా స్పష్టంగా వినిపించింది. హై రిజల్యూషన్‌లో గొంతు ముందుకొచ్చింది, బేస్ నిండుగా ఉంది, తాళాలు మోగి ఆగిపోయే చివరి కొస దాకా వినిపించింది. స్నేహితుడు చెప్పింది ముమ్మాటికీ నిజమనుకున్నాను. ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాను.

చెయ్యబోయే ముందు లౌడ్‌నెస్ కొలిచాను. హై రిజల్యూషన్ ఫైలు సీడీ కన్నా 2.4 డెసిబెల్స్ ఎక్కువ శబ్దంతో ఉంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మొత్తం ఇక్కడే ఉంది. అంత తేడా ఉన్నప్పుడు చెవికి "పెద్దగా ఉంది" అని అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. అందుకే పోలిక పెట్టేవాళ్లు రెండింటినీ 0.1 డెసిబెల్ తేడాలోకి తెచ్చాకే వింటారు. సమం చేసి మళ్లీ విన్నాను. గొప్పదనం సగం పోయింది. కానీ ఇంకా కొంత తేడా మిగిలింది, అది ఊహ కాదు.

అప్పుడు చెయ్యాల్సిన పని చేశాను. ఆ హై రిజల్యూషన్ ఫైలునే తీసుకుని, నేనే 16 బిట్, 44.1కి మార్చాను. దాన్ని పాత సీడీతో పోల్చాను. నాకు నచ్చినవన్నీ, ఆ నిండుదనం, ఆ తాళాల కొస, అన్నీ ఆ 16 బిట్ల ఫైల్లోనే ఉన్నాయి!

అంటే నేను విన్న తేడా ఫార్మాట్‌ది కాదు. ఆ ఆల్బమ్‌ని ఎవరో మళ్లీ శ్రద్ధగా మాస్టరింగ్ చేశారు, అంటే విడుదలకి ముందు శబ్దాన్ని చివరిసారి తీర్చిదిద్దే పని. పాత సీడీకి ఒక మాస్టర్, కొత్త ఫైలుకి ఇంకో మాస్టర్. నేను పోల్చింది రెండు వేర్వేరు పనితనాలని. పోల్చాల్సింది మాత్రం ఒకే పనిని రెండు డబ్బాల్లో పెట్టి.

మాస్టరింగ్ ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి రాక్ బ్యాండ్ మెటాలికా 2008లో తెచ్చిన ఆల్బమ్ డెత్ మాగ్నెటిక్‌ని మించిన ఉదాహరణ లేదు. సీడీలో శబ్దాన్ని ఎంతగా నొక్కేశారంటే అది చిరిగిపోయినట్టు వినిపిస్తుంది. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా వచ్చాయి. అభిమానులు గేమ్ వెర్షనే బాగుందన్నారు, ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చెయ్యమని సంతకాలు సేకరించారు. బాగున్న వెర్షన్ గేమ్‌లో దొరికింది. ఫార్మాట్ పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నే అక్కడ రాలేదు.

6వ రోజు

చిన్న ఎంట్రీ. నా దగ్గరున్న హై రిజల్యూషన్ ఫైళ్లన్నిటికీ స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపించే బొమ్మ, తీశాను. ఒక ఆల్బమ్ పేరుకి 96 కిలోహెర్ట్జ్. బొమ్మలో మాత్రం 22 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయింది, ఆ పైన అంతా నలుపు. సీడీ నుంచే సాగదీసిన ఫైలు అయ్యుండాలి. డబ్బు పెట్టి కొన్నది అది. మనసు చివుక్కుమంది. పక్కన పెట్టేశాను, పరీక్షకి పనికిరాదు.

8వ రోజు

ఏబీఎక్స్ పరీక్ష సిద్ధమైంది. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో దీనికో ప్లగిన్ ఉంది. ఏ అంటే హై రిజల్యూషన్, బీ అంటే సీడీ క్వాలిటీ, రెండూ ఎన్నిసార్లైనా వినొచ్చు. ఎక్స్ అనేది ఆ రెండిట్లో ఏదో ఒకటి, ప్రోగ్రామ్ దాచిపెడుతుంది. ఎక్స్ ఏదో చెప్పాలి. అలా 16 సార్లు. ఊరికే గుడ్డిగా నొక్కినా సగం సరిపోతాయి కాబట్టి 8 వస్తే ఏమీ లేనట్టు. 12 సరిగ్గా చెప్పడం అదృష్టం వల్ల జరిగే అవకాశం 100కి 4 కన్నా తక్కువ. 14 అయితే 1000కి 2. నేను 12ని గీతగా పెట్టుకున్నాను, ముందే రాసుకున్నాను. ఫలితం చూశాక గీత జరపకూడదు.

చెవులు, సామాను సరిగా ఉన్నాయో లేదో తెలియాలని ముందు ఎంపీ3తో మొదలుపెట్టాను. కాస్టనెట్స్, అంటే మన చిడతల్లాంటి వాయిద్యం, ఎంపీ3కి గట్టి పరీక్ష. టక్కున మోగే శబ్దానికి ముందు నిశ్శబ్దం ఉంటుంది. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కుదిస్తుంది. కుదించినప్పుడు పుట్టే రొద ఆ ముక్క మొత్తానికీ పరుచుకుంటుంది, దెబ్బ పడకముందే వినిపిస్తుంది. ప్రీ ఎకో అంటారు దాన్ని.

128 కేబీపీఎస్ (సెకనుకు 128 వేల బిట్లు) ఎంపీ3, కాస్టనెట్స్: 16కి 16. ఇదే రేటు, డ్రమ్స్ తాళాలు: 14. గొంతు: 12.

320 కేబీపీఎస్, కాస్టనెట్స్: మొదటిసారి 12, మళ్లీ చేస్తే 9. తాళాలు: 9. గొంతు: 7.

ఈ అంకెలు నాకు ధైర్యాన్నిచ్చాయి. తేడా ఉన్నచోట నా చెవి పట్టుకుంటోంది, పరీక్ష పనిచేస్తోంది. 320 దగ్గర మాత్రం నేను దాదాపుగా ఓడిపోయాను. ఆ 12 కూడా రెండోసారి నిలబడలేదు కాబట్టి దాన్ని నా ఖాతాలో వేసుకోను.

10వ రోజు

అసలు పరీక్ష. 24/96 ఫైలు, దాన్నుంచి నేను మార్చిన 16/44.1 ఫైలు. డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నటి రొద) వేసి మార్చాను, లౌడ్‌నెస్ సమంగా ఉంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

పియానో: 16కి 15.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెండోసారి చేస్తే 16కి 16. స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. "నువ్వే గెలిచావురా" అని. వాడు పొద్దున్నే సామాను వేసుకుని వస్తానన్నాడు.

11వ రోజు

వాడు రాకముందే మా అక్క కూతురు వచ్చింది, సెలవులకి. దానికి 16 ఏళ్లు. రాత్రి సంగతి చెప్పి, కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. నాలుగైదు సార్లు అటూ ఇటూ మార్చి, "మావయ్యా, దీన్లో కనిపెట్టడానికేముంది? బీకి మారినప్పుడల్లా ముందు చిన్న ఖాళీ వస్తోంది, ఏకి వెళ్తే టక్‌మంటోంది" అంది.

నేను తీసుకుని విన్నాను. నిజమే. డ్యాక్ 96 నుంచి 44.1కి మారేటప్పుడు లోపల గడియారం మార్చుకుంటుంది, ఆ మారడంలో చిన్న శబ్దం. రాత్రి నేను సంగీతం వింటున్నాననే అనుకున్నాను. నా చెవి మాత్రం ఆ టక్‌ని పట్టుకుని జవాబులు చెప్పింది, నాకు తెలియకుండానే. ఇంత సులభంగా మోసపోవచ్చని నాకు నిజంగా తెలియదు. ఆ 15, 16 అంకెల్ని డైరీలో ఉంచుతున్నాను, కొట్టెయ్యను. కళ్లు మూసుకుని చేసిన పరీక్ష కూడా తప్పు జవాబు చెప్పగలదని గుర్తుండాలి.

పరిష్కారం ఉంది. 16/44.1కి దించిన ఫైలునే మళ్లీ 24/96 డబ్బాలోకి ఎక్కించాలి. దించినప్పుడు పోయినదేదో పోయినట్టే ఉంటుంది, తిరిగి రాదు. కానీ డ్యాక్‌కి రెండు ఫైళ్లూ ఒకే రేటులో అందుతాయి. టక్ లేదు, ఖాళీ లేదు.

స్నేహితుడు వచ్చాడు. జరిగింది చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, సరిగ్గానే చేద్దాం పద" అన్నాడు. వాడిలో నాకు నచ్చేది ఇదే.

12వ రోజు

నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ సాయంత్రం దాకా, మధ్యలో బోలెడు విరామాలతో. చెవి అలిసిపోతే అంకెలకి విలువ ఉండదు.

నేను: పియానో 8, వయొలిన్ 9, తాళాలు 7, గొంతు 10. మొత్తం 64కి 34.

మేనకోడలు: తాళాలు 9, గొంతు 7.

స్నేహితుడు తన హెడ్‌ఫోన్స్, తన యాంప్, తనకి బాగా తెలిసిన ట్రాక్‌తో: 9. మళ్లీ అడిగి చేశాడు: 8.

ఎవరూ 12 గీత దాటలేదు.

మా చెవులు ఎంతవరకు వింటాయో కూడా చూశాం. వాల్యూమ్ మామూలుగానే ఉంచి, స్వరాన్ని మెల్లగా పైకి జరుపుతూ వెళ్లాం. వినిపించలేదు కదా అని వాల్యూమ్ పెంచకూడదు, వినిపించకపోయినా ఆ శక్తి చెవి మీద పడుతుంది, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) కూడా కాలిపోవచ్చు. నాకు 13.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. స్నేహితుడికి 13. మేనకోడలికి 17 దాకా. 22 పైన ఉన్నదాని కోసం ఇన్నాళ్లూ వాదించుకున్నవాళ్లం మేమిద్దరమే.

స్నేహితుడు వెళ్తూ ఒక మంచి మాట అడిగాడు. "మనకి వినిపించలేదని ఎవరికీ వినిపించదని కాదు కదరా?"

కాదు. ఆ ప్రశ్నకి నా గదిలో జవాబు దొరకదు. పెద్ద పరీక్షలు చేసినవాళ్లున్నారు. 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్లో మేయర్, మోరన్ అనే ఇద్దరు రాసినది ఒకటి. ఎస్‌ఏసీడీ, డీవీడీ ఆడియో అనే హై రిజల్యూషన్ డిస్కుల శబ్దాన్ని దారిలో ఒక 16/44.1 పరికరం గుండా పంపి, పంపకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైనవి 276. అంటే 49.8 శాతం, నాణెం ఎగరేసినట్టే. అయితే వాళ్లు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై రిజల్యూషన్ రికార్డింగులేనా అని తర్వాత విమర్శలొచ్చాయి. నా 6వ రోజు అనుభవం తర్వాత ఆ విమర్శ నాకు బాగా అర్థమైంది.

రెండోది 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో జాషువా రైస్ చేసినది. 18 అధ్యయనాలు, 400 మందికి పైగా శ్రోతలు, 12,500కి పైగా ప్రయత్నాలు కలిపి లెక్కకట్టాడు. మొత్తం మీద సరైన జవాబులు 52.3 శాతం. శిక్షణ తీసుకున్న శ్రోతల్లో అది 60 దగ్గరికి వెళ్లింది. ఇది శూన్యం కాదు, స్నేహితుడు దీన్ని పట్టుకోవడంలో తప్పులేదు. కానీ 52.3 అంటే ఏమిటో ఒకసారి ఆలోచించాలి. ఎంచుకున్న ట్రాకులు, నిశ్శబ్దమైన గదులు, మనసంతా చెవిలో పెట్టుకున్న మనుషులు, అయినా 100 సార్లలో అదృష్టానికి మించి రెండు మూడు. "ఇంకేదీ చెవికి ఆనదు" అనే మాటకి, ఈ అంకెకి చాలా దూరం.

14వ రోజు

రెండు చిన్న ప్రయోగాలు.

మొదటిది, 26, 27 కిలోహెర్ట్జ్ స్వరాలు రెండూ కలిపి ఒక ఫైలు. మనిషి చెవికి ఇది నిశ్శబ్దం కావాలి. హెడ్‌ఫోన్స్‌లో నిశ్శబ్దమే. నా పాత యాంప్, స్పీకర్ల మీద వేస్తే సన్నగా ఒక ఈల! 1 కిలోహెర్ట్జ్, ఆ రెండిటి మధ్య తేడా. పైనున్న రెండు స్వరాల్ని యాంపో, స్పీకరో సరిగా మొయ్యలేక, కలిపేసి, కింద లేని శబ్దం పుట్టించింది. అంటే హై రిజల్యూషన్ ఫైల్లో పైనున్న సరుకు కొన్ని సామానుల మీద తేడాగా వినిపించవచ్చు, కానీ ఆ తేడా చెడగొట్టడం. ఉచిత ఆడియో ఫార్మాట్లు తయారుచేసే జిఫ్ సంస్థని స్థాపించిన మాంట్‌గమరీ 2012లోనే ఇది హెచ్చరించాడు, వినడానికి 192 వాడితే లాభం లేకపోగా కాస్త నష్టమే అని.

రెండోది బిట్ల మీద. ఒక పియానో ట్రాక్‌ని 8 బిట్లకి దించితే రొద ఎవరికైనా వినిపిస్తుంది. 12 బిట్ల దగ్గర నిశ్శబ్దమైన చోట్ల మాత్రమే. 16 దగ్గర మామూలు వాల్యూమ్‌లో ఏమీ లేదు. చివరి స్వరం ఆరిపోయేచోట వాల్యూమ్ పూర్తిగా పెంచితే సన్నటి బుస. అదే వాల్యూమ్‌లో ట్రాక్ మొదలుపెడితే చెవులు దెబ్బతింటాయి. ఈ ఒక్కచోట 24 బిట్లు 16 కన్నా మేలని నా చెవితో విన్నాను, రాసుకున్నాను. పాట వినేటప్పుడు అలా ఎవరూ వినరు.

16వ రోజు

ఇవాళ మొదటి క్యాసెట్.

డెక్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. దూదిపుల్ల గోధుమరంగుకి తిరిగింది. టేపుని లాగే రబ్బరు చక్రం, పించ్ రోలర్ కూడా తుడిచి ఆరనిచ్చాను. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు సరిగానే చుట్టుకుని ఉంది. ఒకసారి పూర్తిగా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పి ప్లే నొక్కాను.

నాన్న గొంతు. కానీ దుప్పటి కప్పినట్టు ఉంది. "స", "శ" పలికేచోట ఏమీ లేదు, అంతా మెత్తగా, దూరంగా. వయసైపోయిన టేపు, ఇంతేలే అనుకోబోయాను. స్పెక్ట్రోగ్రామ్‌లో 5 కిలోహెర్ట్జ్ దగ్గరే వెలుగు ఆగిపోయింది.

అజిముత్ గురించి చదివి ఉన్నాను. టేపు మీద శబ్దాన్ని రాసే హెడ్‌లో సన్నటి చీలిక ఉంటుంది. రాసినప్పుడు ఆ చీలిక ఏ కోణంలో ఉందో, చదివేటప్పుడూ అదే కోణంలో ఉండాలి. కాస్త వాలితే ముందు పోయేవి పై స్వరాలే. నాన్న రికార్డు చేసింది ఆయన టేప్ రికార్డర్ మీద, నేను చదువుతున్నది ఇంకో డెక్ మీద. కోణాలు కలుస్తాయని ఎందుకనుకోవాలి?

హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంది. దాని అసలు స్థానం గుర్తుండేలా సన్నటి పెన్నుతో గీత పెట్టుకున్నాను. రెండు చానెళ్లనీ మోనోగా కలిపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, టేపు తిరుగుతుండగా స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పాను. ఇంకా మూసుకుపోయింది. అటు కాదు. ఇటు తిప్పాను. కాస్త తెరుచుకుంది. ఇంకొంచెం.

ఒక్కసారిగా గదిలోకి వచ్చాడు నాన్న. "స" పలికింది. ఊపిరి తీసుకోవడం వినిపించింది. హార్మోనియం బెల్లోస్ కిర్రుమనడం వినిపించింది. స్క్రూడ్రైవర్ పట్టుకునే కాసేపు అలా కూర్చుండిపోయాను.

తెరమీద చూస్తే ఇప్పుడు వెలుగు 12 కిలోహెర్ట్జ్ దాటి పోతోంది. ఈ 16 రోజుల్లో నేను విన్న అన్ని తేడాల్లోకీ ఇదే పెద్దది, ఏ పరీక్షా పెట్టక్కర్లేనిది. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అంటూ ఈ మూతపడ్డ శబ్దాన్నే ఎక్కించి ఉంటే, మూతని మహా వివరంగా దాచుకునేవాణ్ని.

17వ రోజు

ఏ ఫార్మాట్ అన్నది తేల్చేశాను. మామూలు క్యాసెట్‌లో, నాయిస్ రిడక్షన్ లేకుండా, బుసకీ పెద్ద శబ్దానికీ మధ్య 50 నుంచి 55 డెసిబెల్స్ ఉంటుంది. బిట్లలో చెప్పాలంటే 9. 16 బిట్ల సీడీ దీన్ని హాయిగా మోస్తుంది. చెవి కోసమైతే అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

అయినా 24/96లోనే ఎక్కిస్తున్నాను. ఎక్కించేటప్పుడు లెవెల్ ఎక్కడ పెట్టాలో ముందుగా తెలియదు. నాన్న ఒక్కోసారి మైకు దగ్గరికి వంగి గట్టిగా అందుకుంటాడు. 24 బిట్లయితే లెవెల్ 12 డెసిబెల్స్ కిందికి దించి నిశ్చింతగా వదిలెయ్యొచ్చు, పైన పగలదు, కింద పోయేదీ లేదు. తర్వాత బుస తగ్గించడం, టపటపలు తీసెయ్యడం లాంటి పనులకీ ఆ చోటు ఉపయోగపడుతుంది. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ కూడా కనీసం 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ ఉండాలంటుంది. నేను 96 తీసుకున్నది రేపు ఎవరైనా మంచి పనిముట్లతో వీటిని బాగుచేస్తారేమో అన్న ఆశతో. నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లో దాస్తున్నాను, ఒక్క బిట్ పోదు. వినడానికి మాత్రం విడిగా మామూలు కాపీలు.

స్నేహితుడికి చెప్పాను. "మరి 192?" అన్నాడు. "టేపు మీద లేనిదాన్ని ఎక్కడ్నుంచి తెస్తాంరా" అన్నాను. ఒప్పుకున్నాడు. అజిముత్ ముందూ తర్వాతా ఉన్న రెండు ముక్కలు పంపితే మాత్రం గంటసేపు ఫోన్లో దాని గురించే మాట్లాడాడు.

21వ రోజు

9 క్యాసెట్లు అయ్యాయి. ప్రతి దానికీ అజిముత్ మళ్లీ చూస్తున్నాను, ఎందుకంటే నాన్న మధ్యలో టేప్ రికార్డర్ మార్చినట్టున్నాడు, ఏడో క్యాసెట్ నుంచి కోణం వేరే.

ఎనిమిదోదాన్లో ఒక సంగతి. ఆయన పల్లవి అందుకోవడానికి సుమారు రెండు సెకన్ల ముందు, ఆ నిశ్శబ్దంలో, అదే పల్లవి ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తుంది. ప్రింట్ త్రూ అంటారు. చుట్టలో ఒక వరస మీది అయస్కాంత ముద్ర పక్క వరస మీద పడుతుంది, ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే. దీన్ని తీసెయ్యడానికి సాఫ్ట్‌వేర్‌లో దారులున్నాయి. నేను తియ్యలేదు.

మేనకోడలికి తాతయ్యని చూసిన జ్ఞాపకం లీలగా ఉంది, గొంతు మాత్రం గుర్తులేదట. ఫోన్లోకి ఎంపీ3 కాపీలు పంపాను. సాయంత్రం మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి లోపలికి వచ్చి ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది.

"ఇక్కడ చూడు మావయ్యా, చరణం మర్చిపోయి నవ్వుతున్నాడు తాతయ్య."

నేను ఆ క్యాసెట్‌ని నాలుగుసార్లు తిప్పాను, మీటర్లు చూస్తూ, స్క్రూ తిప్పుతూ. ఆ నవ్వు నాకు తగల్లేదు. మళ్లీ పెట్టమన్నాను.

పదో క్యాసెట్‌లో టేపు వెనకాల ఉండాల్సిన ఫెల్ట్ ముక్క ఊడిపోయింది. అది లేకపోతే టేపు హెడ్‌కి ఆనదు. రేపు పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి, దాని ఫెల్ట్ తీసి దీనికి అతికించాలి.